బెర్లిన్ రోజుల గురించి రాస్తున్న పుస్తకంలో చివరి అధ్యాయాన్ని నేనే నమ్మలేకపోతున్నాను

మునిమాపు
2008 అక్టోబరులో పై చదువుకు బెర్లిన్ వెళ్లి, 2010 సెప్టెంబరు చివర తిరిగి వచ్చాను. ఆ రెండేళ్లలో అక్కడి ఒక అమ్మాయిని ప్రేమించాను, ఆమె నన్ను ప్రేమించింది. ఆ నగరపు రాత్రులన్నీ నాకు ఆమె వెంట తిరగడం వల్లే తెలిశాయి. ఏడాదిగా ఆ రోజులను పుస్తకంగా రాస్తున్నాను. పదకొండు అధ్యాయాలు పూర్తయ్యాయి. నా భార్య అన్నీ చదివింది, ఆమెకు ఏ అభ్యంతరమూ లేదు. ఇప్పుడు రెండు విషయాలు నన్ను ముందుకు కదలనివ్వడం లేదు. ఎన్నో ఏళ్లుగా మాటలు లేని ఒక మనిషి యవ్వనాన్ని అచ్చు వేయించే హక్కు నాకు ఉందా అన్నది మొదటిది. రెండోది చెప్పడం కష్టం. చివరి అధ్యాయం చదివిన ముగ్గురు మిత్రులూ పుస్తకంలో అదే అన్నిటికన్నా బాగుందని అన్నారు, కానీ చదివిన ప్రతిసారీ అది నాకు జరిగిన సంగతిలా అనిపించడం లేదు. ఆ భాగాన్ని ఇక్కడ పెడుతున్నాను.

“అది మా చివరి రాత్రి, మంగళవారం. తెల్లవారితే నా విమానం. నాలుగు గంటలకు వార్షావర్ స్ట్రాసెలో యూ1 రైలు ఎక్కాం. పెట్టెలో మేమిద్దరమే ఉన్నాం. రైలు ఓబర్‌బౌమ్ వంతెన మీదికి రాగానే స్ప్రే నది మీద వెలుగు విచ్చుకుంది, దూరంగా టీవీ టవర్ గులాబీ రంగులోకి తిరిగింది. ఆమె నా భుజం మీద తల వాల్చింది, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కాట్‌బుసర్ టోర్‌లో దిగిపోయింది. తలుపులు మూసుకున్నాక కూడా ప్లాట్‌ఫారం మీద నిలబడే ఉంది.”

ఇందులో నాకు కనిపించని తప్పు ఏమైనా ఉందా, లేక ఆమెను అడగకుండా రాస్తున్నానన్న బెరుకు వల్లే ఇలా అనిపిస్తోందా, చదివి చెప్పండి.

తెల్లకాగితం
పేరు మార్చి అచ్చు వేయించండి. ఆమెకు తెలుగు రాదు, ఈ పుస్తకం ఆమె చేతికి వెళ్లే అవకాశం లేదు. పేరా చాలా బాగుంది.

అక్షరదీపం
తెల్లకాగితం గారితో ఏకీభవించలేను. పేరు మార్చినంత మాత్రాన మనిషి మారిపోదు. వృత్తి, ఊరు, ఇల్లు ఉన్న వీధి, మాట్లాడే తీరు కలిస్తే దగ్గరివాళ్లు గుర్తుపట్టేస్తారు. ఆమెకు తెలుగు రాదు కాబట్టి ఫరవాలేదనడం నాకు మరీ ఇబ్బందిగా ఉంది. చదవలేని భాషలో తన గురించి రాశారని తెలిస్తే మనిషి ఇంకా ఎక్కువ కలవరపడుతుంది, ఎందుకంటే తాను ఒప్పుకోవడానికీ కాదనడానికీ కూడా అందులో ఏముందో తనకు తెలియదు. చిరునామా దొరికితే అడగండి. దొరకకపోతే అడగడానికి ప్రయత్నించానని పుస్తకంలోనే రాయండి.

వానచినుకు
హక్కు సంగతి అక్షరదీపం గారు చెప్పారు, నేను వేరే మాట అడుగుతాను. మునిమాపు గారూ, మీరు పెట్టిన భాగంలో ఆమె చేసే పనులు మూడే: తల వాల్చడం, మాట్లాడకపోవడం, నిలబడి చూడటం. విదేశంలో గడిపిన యవ్వనం గురించి మన మగవాళ్లు రాసిన జ్ఞాపకాలు చాలా చదివాను. వాటిలో అక్కడి అమ్మాయి ఎప్పుడూ ఒక కిటికీలా ఉంటుంది. ఆ కిటికీలోంచి రచయితకు స్వేచ్ఛ కనిపిస్తుంది, నగరం కనిపిస్తుంది, కిటికీకి మాత్రం అద్దె కట్టే బాధ ఉండదు, పొద్దున లేచి వెళ్లే పని ఉండదు. మీ పుస్తకంలో ఆమె ఏం చేస్తుంది? ఎన్నింటికి నిద్ర లేస్తుంది? మీ ఇద్దరూ దేని గురించి పోట్లాడుకున్నారు?

మునిమాపు
వానచినుకు గారి ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలి. ఆమె వడ్రంగం నేర్చుకునేది. అక్కడ ఆ శిక్షణ మూడేళ్లు ఉంటుంది. కొంత కాలం వృత్తి పాఠశాలలో, మిగతాదంతా ఒక యజమాని దగ్గర వర్క్‌షాపులో. పొద్దున ఏడింటికల్లా రంపం ముందు ఉండాలి. తూర్పు జర్మనీలో పుట్టింది. 1989 నవంబరులో గోడ కూలే నాటికి ఆమెకు మూడేళ్లు. వాళ్ల నాన్న పనిచేసిన కర్మాగారం ఆ తర్వాత మూతపడింది, అందుకే చేతిలో ఉండే పని నేర్చుకోవాలని తను పట్టుబట్టానని చెప్పేది. చేతులకు ఎప్పుడూ లిన్సీడ్ నూనె వాసన ఉండేది. నేను శని, ఆదివారాల్లో ఒక రెస్టారెంటు వంటగదిలో గిన్నెలు కడిగేవాణ్ని. అప్పట్లో మనవంటి విద్యార్థులకు ఏడాదికి 90 పూర్తి రోజులు, లేదా 180 సగం రోజులు మాత్రమే పనిచేసే అనుమతి ఉండేది. అందుకని నేను చేసిన రోజులన్నిటినీ ఆమె ఒక చెక్క ముక్క మీద పెన్సిలుతో గీతలు గీసి లెక్క పెట్టేది. పోట్లాటలన్నీ నిద్ర గురించే. నాకు రాత్రి రెండింటికి వంటగది పని అయ్యాక నగరం మొదలయ్యేది, ఆమెకు పదింటికే ముగిసేది. ఇవన్నీ నాలుగో అధ్యాయంలో ఉన్నాయి. కానీ మీరు అడిగాక చూస్తే, ఆ తర్వాతి అధ్యాయాల్లో ఆమె వర్క్‌షాపు ప్రస్తావన ఒక్కసారి కూడా లేదు.

రాత్రిబస్సు
నేను 2006 నుంచి 2012 వరకు బెర్లిన్‌లోనే ఉన్నాను, కాబట్టి ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. మిగతా అధ్యాయాల్లో ఏ ప్రదేశాలు, ఏ కాలంలో వస్తాయో చెప్పగలరా? అడగడానికి కారణం ఉంది, తర్వాత చెబుతాను.

మునిమాపు
సంతోషంగా చెబుతాను. రెండో అధ్యాయంలో 2009 జూన్ 20, శనివారం రాత్రి. ఫ్రీడ్రిఖ్స్‌హైన్‌లో ఒక స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్లి, అక్కడి నుంచి అందరం ఒక క్లబ్బుకు వెళ్లినప్పుడు ఆమె పరిచయమైంది. మూడో అధ్యాయంలో ఔగుస్ట్ స్ట్రాసెలోని క్లేర్‌షెన్స్ బాల్‌హౌస్. 1913 నాటి ఆ నాట్యశాలలో డెబ్భై ఏళ్ల జంటల పక్కన నిలబడి ఆమె నాకు వాల్ట్స్ అడుగులు నేర్పింది. ఐదో అధ్యాయంలో 2009 ఆగస్టు, టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయపు రన్‌వే మీద అర్ధరాత్రి వెల్లకిలా పడుకుని నక్షత్రాలు చూడటం. మా మొదటి ముద్దు అక్కడే. ఏడో అధ్యాయం 2010 జనవరి, ఫిబ్రవరి. ఆ చలికాలంలో కాలిబాటల మీద మంచు వారాల తరబడి గడ్డకట్టి, ఇద్దరం చేతులు పట్టుకుని ముసలివాళ్లలా నడిచేవాళ్లం.

రాత్రిబస్సు
నేను భయపడినట్టే ఉంది. టెంపెల్‌హోఫ్ నుంచి 2008 అక్టోబరు 30న విమానాలు ఆగిపోయాయి. ఆ మైదానాన్ని ప్రజల కోసం తెరిచింది మాత్రం 2010 మే నెలలో. మధ్యలోని ఏడాదిన్నర కాలం చుట్టూ కంచె, కాపలా ఉండేవి. తెరిచాక కూడా చీకటి పడేసరికి గేట్లు మూసేస్తారు, కాబట్టి అర్ధరాత్రి రన్‌వే మీద పడుకోవడం 2010లో కూడా మామూలుగా కుదిరే పని కాదు. 2009 ఆగస్టులో మీరు అక్కడ ఉండే అవకాశం లేదు.

మునిమాపు
ఇది చదివి అరగంట ఏమీ తోచకుండా కూర్చున్నాను. రాత్రిబస్సు గారు చెప్పింది నిజం. 2010 వేసవిలో మేము అక్కడికి చాలాసార్లు వెళ్లాం, కానీ సాయంత్రాలు. సైకిళ్ల మీద రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకు పోటీ పడేవాళ్లం. ఆ ముద్దు గోర్లిత్సర్ పార్కులో అయి ఉండాలి. పాత రైల్వే స్టేషను పోయి పార్కుగా మారిన ఆ స్థలం మధ్యలో పెద్ద పల్లం ఉంటుంది, ఆ వాలు మీద రాత్రిపూట జనం కూర్చునేవాళ్లు. అక్కడ గడ్డి కన్నా మట్టే ఎక్కువ, ఎవరో డప్పు వాయిస్తూ ఉండేవారు, నక్షత్రాలు అంతగా కనిపించేవి కావు. అందుకే నా మనసు దాన్ని విశాలమైన చోటికి మార్చుకుని ఉంటుంది.

పాతకెరటం
నాకు ఈ చర్చ పోతున్న దారి నచ్చడం లేదు. జ్ఞాపకాల పుస్తకం రైల్వే టైంటేబుల్ కాదు. ఆయన మనసులో ఆ ముద్దు విశాలమైన ఆకాశం కింద జరిగింది, అది ఆయన అనుభవం. ఏ గేటు ఎప్పుడు మూసేవారో లెక్కలు తీసి ఒక మనిషి ప్రేమను సరిదిద్దడం ఎందుకు? పాఠకుడికి కావలసింది ఆ వయసులోని వేడి, నగరపాలక సంస్థ దస్తావేజులు కావు.

అక్షరదీపం
పాతకెరటం గారి మాటలో కొంత న్యాయం ఉంది, కానీ ఆకాశం పెద్దదిగా అనిపించడం వేరు, లేని చోట ఉన్నానని రాయడం వేరు. నవల అని పేరు పెడితే రన్‌వే మీదే పడుకోవచ్చు. “నాకు జరిగింది” అని మొదటి పుటలో మాట ఇచ్చాక, ఆ మాట ఆమెకు కూడా ఇచ్చినట్టే అవుతుంది, ఎందుకంటే అక్కడ ఇద్దరున్నారు. పైగా డప్పు చప్పుడు, మట్టి వాలు ఉన్న ఆ పార్కు నాకు రన్‌వే కన్నా వంద రెట్లు నమ్మదగినదిగా ఉంది.

తూర్పుగాలి
నా అనుభవం చెబితే ఉపయోగపడవచ్చు. నేను 1984 నుంచి 1990 వరకు లెనిన్‌గ్రాడ్‌లో, అంటే ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదివాను, హాస్టలు వసీల్యెవ్‌స్కీ ద్వీపంలో ఉండేది. ఆ ఊళ్లో ఓడలు పోవడానికి రాత్రి ఒంటిగంట దాటాక నెవా నది వంతెనలను పైకి ఎత్తేస్తారు, తెల్లవారుజామున దించుతారు. ఆలస్యమైతే ఇటు ఒడ్డున చిక్కుకుపోవలసిందే. ప్రేమికులు కావాలనే ఆలస్యం చేసేవారు. నేనూ చేశాను. ఆ అమ్మాయితో విడిపోయిన రాత్రి గురించి ముప్పై ఏళ్లు అందరికీ ఒకేలా చెబుతూ వచ్చాను: జనవరి, మైనస్ ఇరవై, మంచు కురుస్తోంది, వంతెన మా కళ్ల ముందే రెండుగా చీలి లేచిపోయింది, ఆమె అటు, నేను ఇటు. ఒకసారి అప్పటి నా గదిలోని మిత్రుడు ఇదంతా విని మెల్లగా అడిగాడు, “జనవరిలో నెవా గడ్డకట్టి ఉంటుంది కదా, ఓడలే లేనప్పుడు వంతెన ఎందుకు ఎత్తుతారు?” అని. నా దగ్గర జవాబు లేదు. వంతెన లేచిన రాత్రి జూన్‌లోది, చీకటే పడని తెల్ల రాత్రుల కాలం, ఆ రాత్రి మేము చాలా సంతోషంగా ఉన్నాం. విడిపోయింది జనవరిలో, మెట్రో స్టేషను మెట్ల దగ్గర, రద్దీలో, రెండు నిమిషాల్లో. ఆ రెండు నిమిషాలు అంత చిన్నవిగా ఉండటం నాకు భరించరానిదై ఒక వంతెనను తెచ్చుకున్నాను.

వానచినుకు
తూర్పుగాలి గారి చివరి వాక్యాన్ని మూడుసార్లు చదివాను.

పదసంచి
విషయం దాటకుండానే ఒక భాషా ప్రశ్న. క్లబ్బులు, బార్లు, నాట్యశాలలు అన్నీ కలిపి చెప్పడానికి మునిమాపు గారు ఏ మాట వాడుతున్నారు? “రాత్రి జీవితం” అంటే తెలుగులో వేరే అర్థం ధ్వనిస్తుంది, “నైట్‌లైఫ్” అంటే ప్రయాణ సంస్థల కరపత్రంలా ఉంటుంది. ఆమెను ఏమంటున్నారో కూడా తెలుసుకోవాలని ఉంది. “ప్రియురాలు” అనేది పాటల్లో తప్ప నోటికి రాదు.

మునిమాపు
“రాత్రులు” అని మాత్రమే రాస్తున్నాను, చాలా చోట్ల అది సరిపోయింది. రెండో దాని గురించి ఒక అధ్యాయమే ఉంది. జర్మన్‌లో స్నేహితురాలికీ ప్రియురాలికీ ఒకటే మాట, ఫ్రాయిండిన్. “మైనె ఫ్రాయిండిన్” అంటే నా ప్రేయసి; “ఐనె ఫ్రాయిండిన్ ఫోన్ మియా” అంటే నా స్నేహితురాళ్లలో ఒకామె. ఈ తేడా తెలియక, పరిచయమైన రెండో వారంలోనే వంటగదిలో అందరి ముందూ ఆమెను “మైనె ఫ్రాయిండిన్” అని పరిచయం చేశాను. నేను అన్నది స్నేహితురాలని, వాళ్లు విన్నది ఇంకొకటి. ఆమె సరిదిద్దలేదు. బయటికి వచ్చాక “నువ్వు అన్న మాటను అలాగే ఉండనిద్దాం” అంది. అందుకే పుస్తకమంతా “స్నేహితురాలు” అనే రాశాను.

పదసంచి
అయితే ఆ మాట మార్చకండి. తెలుగులో ఇన్నాళ్లూ మనం మర్యాద కోసం వాడిన “స్నేహితురాలు” మీ పుస్తకంలో నిజంగానే రెండు అర్థాలూ మోస్తుంది.

తెల్లకాగితం
నా మొదటి అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నాను. ఇంతటి మనిషిని అడగకుండా రాయకూడదు.

రాత్రిబస్సు
రాత్రుల గురించి నాకూ ఒక మాట చెప్పాలని ఉంది, ఎందుకంటే ఆ నగరపు రాత్రులను మనవాళ్లు రాసేటప్పుడు పాపంలాగానో స్వర్గంలాగానో రాస్తారు. అక్కడి రాత్రికి ఒక చరిత్ర ఉంది. పశ్చిమ బెర్లిన్‌లో 1949లోనే బార్లు మూసే వేళ అనే నిబంధన తీసేశారు. 1989లో గోడ కూలాక తూర్పున ఎవరివో తెలియని ఖాళీ భవనాలు వందలుగా మిగిలాయి, సంగీతం వాటిలోకి దూరింది. ట్రెసోర్ క్లబ్బును 1991లో లైప్‌ట్సిగర్ స్ట్రాసెలోని ఒక పాత డిపార్ట్‌మెంటు స్టోరు నేలమాళిగలో, ఖజానా గదిలోనే మొదలుపెట్టారు. 2005లో ఆ చోటు పోయింది, 2007లో కోపెనికర్ స్ట్రాసెలోని పాత విద్యుత్ కేంద్రంలో మళ్లీ తెరిచారు. గోడకు అటూ ఇటూ పెరిగిన పిల్లలు మొదటిసారి ఒకే చీకట్లో కలిసి నాట్యం చేసింది అలాంటి గదుల్లోనే. 2024లో బెర్లిన్ టెక్నో (ఆ క్లబ్బుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం) సంస్కృతిని జర్మనీ తన అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మునిమాపు గారి స్నేహితురాలి తరానికి ఆ రాత్రులు సరదా మాత్రమే కాదు, తమ తల్లిదండ్రుల కర్మాగారాలు మూతపడిన నగరంలో తమకంటూ దొరికిన చోటు. నది ఒడ్డున చెక్కలతో కట్టిన బార్ 25 మూతపడింది కూడా 2010 సెప్టెంబరులోనే, మీరు బయల్దేరిన నెల.

అదే సమయంలో ఆ రాత్రుల్లో తలుపుల దగ్గర ఆగిపోయినవాళ్లమూ ఉన్నాం. ఒక క్లబ్బు ముందు రెండు గంటలు చలిలో నిలబడ్డాక, కారణం చెప్పకుండా నన్నొక్కడినే పక్కకు పంపేశారు. నాతో ఉన్న నలుగురు లోపలికి వెళ్లారు. ఆ సంగతి కూడా రాయకపోతే ఆ నగరం గురించి రాసినట్టు కాదు. తెల్లవారాక ఖాళీ సీసాలు ఏరుకునే వృద్ధులు కూడా ఉండాలి. బీరు సీసా తిరిగి ఇస్తే 8 సెంట్లు వచ్చేవి, మా సంతోషం ముగిసిన చోట వాళ్ల పని మొదలయ్యేది.

ఇక అసలు విషయం. యూ1 గురించి రాత్రంతా ఆలోచించాను. బెర్లిన్‌లో యూ‑బాన్ అనే మెట్రో రైలు రాత్రంతా నడిచేది శుక్రవారం, శనివారం రాత్రుల్లో, సెలవు దినాలకు ముందు రాత్రుల్లో మాత్రమే. మంగళవారం అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోతాయి, మళ్లీ నాలుగున్నర ప్రాంతంలో మొదలవుతాయి. మధ్యలో యూ1 బదులు ఎన్1 బస్సు నడుస్తుంది. మంగళవారం రాత్రి నాలుగింటికి వార్షావర్ స్ట్రాసెలో ఎక్కడానికి రైలు లేదు.

మునిమాపు
మంగళవారమే. ఇప్పుడే పాత పాస్‌పోర్టు తీసి చూశాను, ముద్ర 2010 సెప్టెంబరు 29 అని ఉంది, అది బుధవారం. అలెగ్జాండర్‌ప్లాట్స్ నుంచి టేగెల్ విమానాశ్రయానికి బస్సులో వెళ్లడం కూడా బాగా గుర్తుంది. రైలు కూడా గుర్తుంది. ఆ సీటు గుడ్డ మీది రంగులతో సహా గుర్తుంది.

నీలిరేఖ
నేను బెర్లిన్ చూడలేదు, కానీ సూర్యుడి లెక్కలు తెలుసు. అది 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన ఊరు. జూన్ 21 ప్రాంతంలో అక్కడ ఐదు గంటలకు ముందే సూర్యోదయం అవుతుంది, నాలుగింటికి ఆకాశం బాగా తేటపడి ఉంటుంది. సెప్టెంబరు 29న సూర్యుడు ఉదయించేది దాదాపు ఏడు గంటలకు. తెల్లవారుజామున నాలుగింటికి చిక్కటి చీకటి. నది మీద విచ్చుకున్న వెలుగు, గులాబీ రంగు టవర్ సెప్టెంబరువి కావు. అవి జూన్‌వి.

వానచినుకు
నేను కూడా ఒకటి కలుపుతాను. ఆమె పొద్దున ఏడింటికి రంపం ముందు ఉండాలని, మీ పోట్లాటలన్నీ నిద్ర గురించేనని మీరే చెప్పారు. బుధవారం పనిరోజు. మంగళవారం రాత్రి నాలుగింటి దాకా ఆమె మీతో తిరిగిందా? నాకు తెలిసినంతలో, పని మీద అంత పట్టుదల ఉన్న ఆడపిల్ల, ఎంత ప్రేమించినా, ఆ రాత్రి కూడా పడుకుంటుంది. పైగా అలా పడుకోవడం ప్రేమ తక్కువై కాదు.

పాతకెరటం
ముగ్గురూ కలిసి ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక్క వీడ్కోలును లాగేసుకున్నారు. ఇప్పుడు ఆయన చేతిలో ఏం మిగిలింది?

తూర్పుగాలి
నా విషయంలో మిగిలింది చెబుతాను, పాతకెరటం గారూ. వంతెన పోయాక జూన్ రాత్రి తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్లు అది దుఃఖపు కథలో ఇరుక్కుపోయి ఉంది, దానిలో మేము ఎంత నవ్వామో నాకు గుర్తే లేకుండా పోయింది.

మునిమాపు
పది రోజులు ఇటు రాలేదు. ఒక పాత ఈమెయిల్ చిరునామా దొరికితే ఆమెకు రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఆ ఉత్తరాన్ని ఇక్కడ పెట్టడం సరి కాదు, ఆమె అనుమతించిన మేరకు సారాంశం చెబుతాను.

పుస్తకం రాయవచ్చంది. తన పేరు, వర్క్‌షాపు ఉన్న వీధి ఉండకూడదంది. తనను ఏడ్చినట్టు ఎక్కడైనా రాసి ఉంటే తీసేయమంది, ఎందుకంటే తను ఏడవలేదట. ఆ మంగళవారం రాత్రి పదిన్నరకు కాట్‌బుసర్ టోర్ దగ్గర తన ఇంటి వాకిలి దాకా మెట్లు దిగి వచ్చి నన్ను పంపిందట, మర్నాడు వర్క్‌షాపులో పెద్ద యంత్రం మీద పని ఉందని, నిద్ర లేకుండా ఆ యంత్రం ముందు నిలబడితే వేళ్లు పోతాయని అప్పుడు నాతోనూ చెప్పిందట. ఇది చదవగానే నాకు మెట్ల దీపం గుర్తొచ్చింది. అక్కడి ఇళ్లలో మెట్ల దీపం ఒక నిమిషం వెలిగి దానంతట అదే ఆరిపోతుంది. మేము మాట్లాడుతుండగా మూడుసార్లు ఆరింది, మూడుసార్లు ఆమే నొక్కింది. నాలుగోసారి ఎవరమూ నొక్కలేదు. నేను అక్కడి నుంచి ఫ్రీడ్రిఖ్స్‌హైన్ వెళ్లి మిత్రులతో నాలుగింటి దాకా కూర్చున్నాను.

ఇంకొకటి కూడా రాసింది. శిక్షణ పూర్తయ్యేటప్పుడు ప్రతి వడ్రంగీ తన సొంత రూపకల్పనతో ఒక వస్తువు చేసి చూపించాలి. 2011లో ఆమె ఒక రాతబల్ల చేసింది. నాకు ఉత్తరం రాసింది దాని మీదేనట.

నా దగ్గర ఆమెతో దిగిన ఫొటో ఒక్కటే ఉంది. వార్షావర్ స్ట్రాసె దగ్గర పాత ఫొటో యంత్రం ఉండేది, రెండు యూరోలు వేస్తే నలుపు తెలుపుల్లో నాలుగు ఫొటోలు ఒకే పట్టీ మీద తడిగా వచ్చేవి. దాని వెనక ఆమె చేతిరాతతో “20–21.6., యూ1కు ముందు” అని ఉంది. ఇన్నేళ్లూ ముందు వైపే చూశాను. రైలు, వెలుగు, భుజం మీద తల, అన్నీ మేము కలిసిన మొదటి రాత్రివి. ఆమె మాట్లాడకపోవడానికి కారణం దుఃఖం కాదు, ఉదయం నుంచి పనిచేసి, రాత్రంతా నాట్యం చేసి అలసిపోయి నిద్రపోయింది. కాట్‌బుసర్ టోర్‌లో దిగాక ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపింది, అంతే.

అక్షరదీపం
ఆమెను అడగడం గురించి నేను మర్యాద కోసమే చెప్పాను. పుస్తకానికి ఇంత ఇస్తుందని అనుకోలేదు.

వానచినుకు
మెట్ల దీపాన్ని దయచేసి వదలకండి. దానికి ఏ ఉపమానమూ జోడించకండి కూడా.

రాత్రిబస్సు
ఒక చిన్న సహాయం. ఆ ఎన్1 బస్సు కూడా ఓబర్‌బౌమ్ వంతెన మీదుగానే వెళ్తుంది. పైన రైలు వంతెన, పక్కనే కింద రోడ్డు. ష్లేసిషెస్ టోర్ దాటాక స్కాలిత్సర్ స్ట్రాసెలో రైలు పట్టాల ఎత్తైన ఇనుప వంతెన పక్కనే సాగుతుంది. అంటే మీరు జూన్‌లో పైన వెళ్లిన దారినే సెప్టెంబరులో కింద నుంచి వెళ్లారు. కాట్‌బుసర్ టోర్ కూడా ఆ దారిలోనే వస్తుంది.

మునిమాపు
అందుకు కృతజ్ఞతలు. ఈ రాత్రి కూర్చుని చివరి అధ్యాయం మళ్లీ రాశాను, చివరి భాగం ఇది.

“నాలుగు గంటలకు వార్షావర్ స్ట్రాసెలో ఎన్1 బస్సు ఎక్కాను. ముందు సీట్లో వంటవాళ్ల తెల్ల చొక్కా వేసుకున్న ఒకతను నిద్రపోతున్నాడు. వంతెన మీద నది కనిపించలేదు, చీకటిగా ఉంది. స్కాలిత్సర్ స్ట్రాసెలో కిటికీకి తల ఆనించి పైకి చూశాను. పట్టాలు ఖాళీగా ఉన్నాయి, ఆ వేళలో రైళ్లు లేవు. ఆమె ఇంటి కిటికీ వీధి వైపు ఉండదు, పెరటి వైపు ఉంటుంది, కాబట్టి చూడటానికి ఏమీ లేదు. అలారం ఐదుంపావుకు పెట్టుకుని ఉంటుంది. కాట్‌బుసర్ టోర్‌లో బస్సు ఆగింది. ఎవరూ దిగలేదు.”

పాతకెరటం
నాకు ఇప్పటికీ మొదటి పేరానే ఎక్కువ ఇష్టం, ఆ మాట దాచను. దాన్ని పారేయకండి, జూన్ అధ్యాయంలో పెట్టండి.

మునిమాపు
పెట్టాను, పాతకెరటం గారూ. రెండో అధ్యాయం చివర, ఆదివారం తెల్లవారుజామున. “మంగళవారం” అన్న మాట, “చివరి రాత్రి” అన్న మాట తీసేశాను, నిద్ర సంగతి చేర్చాను, మిగతాది దాదాపు అలాగే ఉంది.